చేప మేతలో మందు ఎవరి కోసం?

సాగర్ ఎడమ కాలువలో నీళ్లు ఆగిపోయిన ఎండాకాలంలో ఖమ్మం జిల్లా బోనకల్ చుట్టుపక్కల చెరువులూ కుంటలూ అడుగంటుతాయి. చేపలు పెంచేవాళ్లకు చెరువు సిద్ధం చేసుకునే అదను అది. అడుగున మిగిలిన నీటిలో కొర్రమీను, వాలుగ, మట్టగిడస దాక్కుని ఉంటే, వానలు పడ్డాక వదిలే బొచ్చె, రోహు పిల్లలను అవి మింగేస్తాయి. వాటిని ఏరివేయడానికి మత్స్యశాఖ వాళ్లు ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్న ఉపాయం ఇప్ప చెక్క. ఇప్ప గింజల నుంచి నూనె తీయగా మిగిలిన పిండి అది. హెక్టారు చెరువులో మీటరు లోతు నీరుంటే 2,000 నుంచి 2,500 కిలోల చెక్క చల్లాలి. అందులోని సాపోనిన్ చేప రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడుతుంది. కొన్ని గంటల్లో చేపలు పైకి తేలి చచ్చిపోతాయి. రెండు మూడు వారాలకు ఆ విషం విరిగిపోతుంది. అదే చెక్క కుళ్లి ఎరువై, నీటిలో ప్లవకాలను పెంచి, కొత్త పిల్లలకు తిండి అవుతుంది.

ఇప్ప పెరిగే అడవి ఇక్కడికి మరీ దూరం కాదు. బోనకల్ కాలువ నీటి మీద వరి, పత్తి, మిరప పండే మైదానం. వైరా, తల్లాడ దాటి కొత్తగూడెం దారి పట్టుకుంటే భద్రాచలం అడవి సీమ వస్తుంది. అక్కడి కోయలకు ఇప్ప బతుకునిచ్చే చెట్టు, పూజలందుకునే చెట్టు. పువ్వు ఎండబెట్టి తింటారు, సారా కాస్తారు, గింజల నూనె వంటకూ దీపానికీ వాడతారు. కొత్తగా చేతికొచ్చిన పంటను వేల్పులకు పెట్టకుండా నోట పెట్టకూడదన్న కొత్తల పండుగ సంప్రదాయం ఆ ఊళ్లది. ఒకే చెట్టు ఒకచోట దైవం, ఒకచోట తిండి. చెరువులో పడ్డాక మొదట విషం, తరువాత ఎరువు. మూలికలు మంచివా కావా అన్న చర్చకు దిగేముందు ఈ చెట్టును గుర్తుపెట్టుకోవాలి.

పిల్ల వదిలాక అదే చెరువులోకి వేరే మొక్కలు వస్తాయి. తవుడు, వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క కలిపిన మేతలో వెల్లుల్లి ముద్ద, పసుపు, వేపాకు పొడి కలిపేవాళ్లున్నారు. ఆక్వా మందుల దుకాణాల్లో ‘హెర్బల్’ అని రాసిన సీసాలు, పొట్లాలు దొరుకుతాయి. ఆకలి పెంచేవి, కాలేయానికి బలమిచ్చేవి, పేను పట్టకుండా చూసేవి, రోగాన్ని తట్టుకునే శక్తినిచ్చేవి అంటూ రకరకాలు. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు ఇవి మామూలు సరుకు. రసాయనం కాదు, ప్రకృతి నుంచి వచ్చింది అన్న మాట వినగానే కొనేవాడి మనసు కుదుటపడుతుంది. ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి తప్పు లేదన్న నమ్మకం దాని వెనకే వచ్చేస్తుంది.

ఇక్కడ ఒక పాత ప్రశ్న అడగక తప్పదు. నెలల తరబడి పెంచి, వల వేసి పట్టి, అమ్మబోయే ప్రాణికి మందు పెట్టడాన్ని ఏమనాలి? దయ అనాలా, పెట్టుబడిని కాపాడుకోవడం అనాలా? ఆవుకు వైద్యం చేసినప్పుడు ఈ ప్రశ్న ఇంత సూటిగా తగలదు. ఆవుకు పేరుంటుంది, ఏళ్ల తరబడి ఇంటి ముందుంటుంది. చెరువులో చేపలకు పేర్లుండవు, లెక్క కూడా సుమారే. ముఖంలో నొప్పి కనిపించని, గొంతులో కేక లేని ప్రాణి పట్ల మనిషికి బాధ్యత ఉందా, ఉంటే ఎంత, అన్నదే అసలు సంగతి. మేతలో కలిపే ఆకు ఆ సంగతిని బయటికి లాగింది.

ఈ ప్రశ్నకు మన వాఙ్మయంలో అతి పాత రూపం శతపథ బ్రాహ్మణంలో ఉంది. మనువు పొద్దున చేతులు కడుక్కుంటుంటే నీళ్లలో ఒక చేపపిల్ల దొరుకుతుంది. తనను పెంచమని, ప్రతిగా రాబోయే వరద నుంచి అతణ్ణి గట్టెక్కిస్తానని అది చెబుతుంది. చిన్నగా ఉన్నంత కాలం చేపను చేపే మింగుతుంది కనుక ముందు కుండలో ఉంచమంటుంది, పెరిగాక గొయ్యి తవ్వి అందులో వేయమంటుంది, అదీ చాలనప్పుడు సముద్రంలో వదలమంటుంది. చేపల పెంపకం తెలిసినవాళ్లకు ఈ వరుస ఎక్కడో విన్నట్టే ఉంటుంది. హేచరీలో పొదిగిన పిల్ల నర్సరీ కుంటకు, అక్కడి నుంచి పెంపకపు కుంటకు, వేలెడంత అయ్యాక పెద్ద చెరువుకు మారుతుంది. ప్రతి మెట్టులోనూ పెద్ద చేప నోటి నుంచి చిన్న చేపను తప్పించడమే పని.

తేడా చివరి మెట్టులో ఉంది. మనువు చేపను సముద్రంలో వదిలాడు. ఇచ్చిన మాట ప్రకారం అది అతని ఓడను లాక్కుపోయింది. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకున్నారు. చెరువు రైతు ఆ కథలో మూడు వంతులు నడిచి నాలుగో వంతు దగ్గర పక్కకు తిరుగుతాడు. రాజదండం లేనిచోట బలవంతుడు బలహీనుణ్ణి మింగేస్తాడని, అది మత్స్యన్యాయమని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చెప్పాడు. ఇప్ప చెక్క చల్లిన రైతు తన చెరువులో మత్స్యన్యాయాన్ని రద్దు చేస్తాడు. ఆ తరువాత అక్కడ మిగిలిన పెద్ద చేప అతనొక్కడే. కాపాడే అధికారమూ చంపే అధికారమూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఆ చేతిని కట్టడి చేసేది ఏమిటన్నది అప్పుడిక రాజనీతి ప్రశ్న కూడా అవుతుంది.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు రాతి మీద చెక్కిన జవాబు ఒకటుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు ఉన్నాయి. రెండో శాసనంలో ఆయన మనుషులకు, పశువులకు రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశానంటాడు. మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించానంటాడు. మొదటి శాసనం ఇంకా ఆశ్చర్యం. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో రోజూ లక్షల ప్రాణులు తెగేవని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే తెగుతున్నాయని, ఆ జింక కూడా రోజూ కాదని, ముందుముందు ఈ మూడూ ఉండవని రాయించాడు. చేతులు కడిగేసుకున్నానని చెప్పుకోలేదు. ఇంకా ఎన్ని ప్రాణాలు తీస్తున్నాడో లెక్క చెప్పి, తగ్గిస్తానన్నాడు. పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్లకు వేయించిన అయిదో స్తంభ శాసనంలో చేపల ప్రస్తావన ఉంది. కొన్ని పున్నములకు, కొన్ని తిథులకు చేపలు పట్టకూడదు, అమ్మకూడదు.

చక్రవర్తి తన వంటింటి లెక్కను రాతి మీద పెట్టడం చిన్న విషయం కాదు. ఇవాళ ‘సహజం’, ‘హెర్బల్’ అన్న ముద్రలు దానికి సరిగ్గా ఎదురు పని చేస్తున్నాయి. లెక్క చెప్పే అవసరం లేకుండా చేస్తున్నాయి.

మన పూర్వుల పశువైద్యం అంతా కరుణ నుంచే పుట్టిందనుకోవడమూ తొందరపాటే. పాలకాప్యుడి హస్త్యాయుర్వేదం ఏనుగులకు, శాలిహోత్రుడి శాస్త్రం గుర్రాలకు. రెండూ సైన్యానికి కావలసిన జంతువులు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక భాగం ఉంది. చేపల రకాలు, వాటికి పెట్టవలసిన మేతలు అందులో వివరంగా చెప్పాడు. ఆ మేతంతా గాలానికి మచ్చిక చేయడానికే. మేపి పట్టడం మన దగ్గర కనీసం తొమ్మిది వందల ఏళ్ల విద్య. స్వలాభం కలిసినంత మాత్రాన వైద్యం వైద్యం కాకుండా పోదు. ఏనుగు పుండు మానితే ఏనుగుకూ హాయే. ఆ హాయి రాజుకు కావలసిన పనికి అడ్డం వచ్చినప్పుడు ఎవరి పక్షాన నిలబడతామన్నది మాత్రం తేల్చుకోవాలి.

ఇక ఆకు నిజంగా పని చేస్తుందా? కొంతవరకు చేస్తుంది. 2006లో రీనా చక్రబర్తి, మరికొందరు పరిశోధకులు రోహు చేపలకు ఉత్తరేణి కలిపిన మేత పెట్టి, తరువాత ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బ్యాక్టీరియాను ఎక్కించి చూశారు. ఒంటి మీద ఎర్ర మచ్చలు, పుండ్లు, పొట్ట ఉబ్బు తెచ్చే క్రిమి అది. ఉత్తరేణి తిన్న చేపల్లో రోగనిరోధక శక్తి పెరిగింది, చావులు తగ్గాయి. 2007లో భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ పరిశోధకులు రోహు మీదే వెల్లుల్లితో అలాంటి ఫలితమే చూపించారు. పసుపు, తిప్పతీగ, నేలవేము, తులసి, అశ్వగంధ మీద కూడా పరిశోధనలు జరిగాయి. ఇవి క్రిమిని నేరుగా చంపడం కంటే చేప ఒంట్లోని రక్షణ కణాలను మేల్కొల్పడం ద్వారా ఎక్కువగా పని చేస్తాయని వాటి సారాంశం.

అయితే ఇలాంటి పరీక్షలు ఎక్కువగా తొట్లలో, కొన్ని వారాల పాటు, లెక్కపెట్టిన చేపల మీద జరిగేవి. చెరువు తొట్టి కాదు. ఆకులో మందు పదార్థం నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి, ఆరబెట్టిన తీరును బట్టి మారుతుంది. మోతాదు మించితే వేప కూడా చేపకు హాని చేస్తుంది. టానిన్లు, సాపోనిన్లు ఎక్కువైతే మేత అరగక ఎదుగుదల తగ్గుతుంది. ఇప్ప చెక్కలో చేపను చంపిన సాపోనిన్ల జాతివే తక్కువ మోతాదులో కొన్ని మూలికల్లో బలమిచ్చేవిగా లెక్కకొస్తాయి. రొయ్యల చెరువుల్లో తేయాకు విత్తుల చెక్క వేస్తే అందులోని సాపోనిన్ చేపను చంపి రొయ్యను వదిలేస్తుంది. మొక్కకు మన మంచిచెడ్డలతో పని లేదు. తనను తినే పురుగు నుంచి, తనను పట్టే బూజు నుంచి కాపాడుకోవడానికి అది తయారు చేసుకున్న పదార్థాలను మనం మన అవసరానికి వాడుకుంటున్నాం, అంతే.

ఉత్తరేణి తెలుగువాళ్లకు ప్రయోగశాలలో పరిచయమైన మొక్క కాదు. వినాయక చవితి రోజు ఇరవై ఒక్క పత్రాలతో చేసే పూజలో అపామార్గ పత్రమంటే అదే. నిమజ్జనంలో ఆ పత్రి చెరువులో కలిసి నీటిని శుద్ధి చేస్తుందని, అందుకే పెద్దలు ఈ ఆచారం పెట్టారని ఏటా చెప్పుకుంటాం. వినడానికి ఎంతో బాగుంటుంది. అయితే అదే పత్రిలో ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది, జిల్లేడు ఉంది. ఈ మూడూ విషం ఉన్న మొక్కలే. పూజలో అవి ఉండడం పొరపాటు కాదు. పూజ మొక్కలను మంచివి, చెడ్డవి అని విడగొట్టలేదు. అన్నింటినీ దేవుడి ముందు పెట్టింది. పవిత్రత అంటే హానిరహితం అన్న అర్థాన్ని తరువాత మనమే అంటగట్టాం. ఆ అర్థాన్నే ఇప్పుడు మేత సీసా మీద అచ్చేస్తున్నాం.

చేపకూ మందుకూ తెలంగాణలో మరో పేరున్న బంధం ఉంది. మృగశిర కార్తె రోజు హైదరాబాదులో బత్తిని కుటుంబం చేప ప్రసాదం పంచుతుంది. బతికున్న చిన్న కొర్రమీను నోట్లో మందు పెట్టి ఇస్తే, ఆ చేపను ఉబ్బసం రోగి మింగుతాడు. 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడికి ఈ మందు చెప్పాడని, డబ్బు తీసుకోకుండా పంచాలన్నది ఆయన షరతని ఆ కుటుంబం నమ్మకం. జనవిజ్ఞాన వేదిక వంటి సంఘాలు దీనికి శాస్త్రీయ ఆధారం లేదని ఏళ్ల తరబడి వాదించాయి. మందు అన్న పేరు పోయి ప్రసాదం అన్న పేరు స్థిరపడింది. ఉచితంగా ఇవ్వాలన్న షరతులో నిజంగా గౌరవించదగ్గ గుణం ఉంది. వైద్యపరంగా మాత్రం ఆధారం చూపవలసిన బాధ్యత ఇంకా తీరలేదు. ఈ మొత్తం వాదంలో ఉబ్బసం రోగి ఉన్నాడు, కుటుంబం ఉంది, ప్రభుత్వం ఉంది, హేతువాదులు ఉన్నారు. మందును మోసుకెళ్లే కొర్రమీను గురించి మాట్లాడినవాళ్లు బహు తక్కువ. అది తెలంగాణ రాష్ట్ర చేప.

గృహస్థు ఇంట్లో రోజూ ప్రాణహింస జరిగే చోట్లు అయిదని ధర్మశాస్త్రం లెక్కపెట్టింది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. వీటిని పంచసూనలన్నారు. కసాయి శాల అన్న అర్థమున్న మాటను వంటింటికి వాడడానికి వాళ్లు వెనకాడలేదు. బతకడమంటే ఎంతోకొంత చంపడమని ఒప్పుకుని, ఆ ఋణం తీర్చడానికి పంచ మహాయజ్ఞాలు పెట్టారు. అందులో భూతయజ్ఞం ప్రాణులకు తిండి పెట్టడం. చీమకు నూక, కాకికి ముద్ద, కోనేటి చేపకు పేలాలు. పెట్టినదాన్ని తిరిగి అడగకపోవడమే దాని లక్షణం.

ఈ గీటురాయి మీద గీసి చూస్తే చెరువు మేత భూతయజ్ఞం కాదు. పెట్టిన ప్రతి కిలో మేతకు ఎంత చేప వచ్చిందో రైతు లెక్క చూసుకుంటాడు. చూసుకోవాలి కూడా, అప్పు తెచ్చి చెరువు పట్టినవాణ్ణి లెక్క చూడొద్దనడం అన్యాయం. వెల్లుల్లి, పసుపు కూడా ఆ లెక్కలోనివే. అవి చేపకు మేలు చేస్తాయి, ఆ మేలు తూకంలో తిరిగి వస్తుంది. దీన్ని వ్యాపార నీతి అనవచ్చు, మంచి వ్యాపార నీతి అనవచ్చు. దయ అని పిలవాలంటే తూకంలో తిరిగి రానిదేదైనా చేపకు ఇచ్చామా అని వెతకాలి.

వెతికే చోటు మూలికల డబ్బా కంటే ముందు చెరువు నీళ్లు. రాత్రంతా నీటిలోని మొక్కలూ చేపలూ ప్రాణవాయువును వాడుకుంటాయి కనుక తెల్లవారుజామున అది అతి తక్కువకు పడిపోతుంది. లీటరుకు అయిదు మిల్లీగ్రాములుంటే బొచ్చె, రోహు హాయిగా ఉంటాయి. మూడుకు దిగిందంటే ఇబ్బంది మొదలవుతుంది, ఇంకా దిగితే పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఏ ఆకూ ప్రాణవాయువు ఇవ్వదు. కిక్కిరిసిన చెరువులో అమ్మోనియా పెరిగి మొప్పలు దెబ్బతింటే, ఆ ఒత్తిడిలోనే పేనూ బ్యాక్టీరియా పట్టుకుంటాయి. అలాంటి చెరువులో రోగనిరోధకత పెంచే మూలిక వాడి, దాని బలం మీద మరో వెయ్యి పిల్లలు అదనంగా వదిలితే, మందు ఇరుకును భరించే సాధనంగా మారినట్టే. ఇలాంటి వైద్యం రోగికి చేసేది కాదు, రోగం తెచ్చిన పరిస్థితికి చేసేది.

ఆంధ్ర చేపల సాగులో మరో పద్ధతి ఉంది. పిల్లలను ఒకేచోట ఒత్తుగా ఉంచి, మేత తగ్గించి, దాదాపు ఏడాది పాటు ఎదగనివ్వకుండా ఆపుతారు. వంద గ్రాముల పైచిలుకు దగ్గర ఆగిపోయిన ఆ పిల్లలను పెద్ద చెరువులో వదిలి కడుపునిండా మేపితే, ఆగిన ఎదుగుదలంతా ఒక్కసారిగా తన్నుకొస్తుంది. సాగు లెక్కలో ఇది చాలా తెలివైన పని, చావులూ తగ్గుతాయి. అక్కడ ఆకలే పనిముట్టు. ఏడాది ఆకలి పెట్టిన ప్రాణికి తరువాత ఆకలి పుట్టించే మూలిక ఇస్తున్నామంటే, ఈ వ్యవహారంలో ప్రకృతి ఎక్కడుందో, కరుణ ఎక్కడుందో ఆగి ఆలోచించాలి. చేపలకు ఏమీ తెలియదనే మాటా నిలవదు. కొల్లేటి వైపు చిల్లులు పెట్టిన సంచుల్లో మేత నింపి గుంజలకు కడతారు. కొద్ది రోజుల్లోనే చేపలు ఆ సంచుల చోటును, వేళను నేర్చుకుని వచ్చి చేరతాయి.

మూలిక పక్షాన గట్టిగా నిలబడవలసిన చోటు కూడా ఉంది. అది యాంటీబయాటిక్‌కు బదులుగా వచ్చినప్పుడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మన ఆక్వా సాగులో నిషిద్ధం. నిషేధం లేని మందులైనా మేతలో కలిపి చెరువంతా చల్లితే చాలా భాగం నీళ్లలోకే పోతుంది. ఆ నీటిలో మందుకు లొంగని బ్యాక్టీరియా తయారై కాలువలోకి, పొలంలోకి, మనుషుల్లోకి చేరే దారి ఉంది. చేపకు పుండ్లు తెచ్చే ఏరోమోనాసే మనిషి గాయాలనూ పట్టుకోగలదు. ఎక్కడో ఒక ఆసుపత్రిలో పసిబిడ్డకు మందు పని చేయకపోవడానికీ, చెరువులో చల్లిన గుళికకూ మధ్య దారి పొడవైనదే గానీ తెగినది కాదు. వెల్లుల్లి, ఉత్తరేణి ఆ గుళికను తగ్గించగలిగితే అది పొరుగువాడి పట్ల ధర్మం. చేప పట్ల ధర్మం తీరిందని దాన్ని చూపించకూడదు.

ఇదే ఖమ్మం జిల్లాలో పాలేరు జలాశయానికి దగ్గర్లోనే నేలకొండపల్లి బౌద్ధ స్తూపం ఉంది. బుద్ధుడు గృహస్థులకు వద్దన్న అయిదు వ్యాపారాల్లో ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం ఉన్నాయి. ఆ కొలతతో కొలిస్తే చేపల రైతుకు చోటే లేదు. అదే జలాశయం మీద ఆధారపడి ముదిరాజులు, బెస్తలు తరాలుగా బతుకుతున్నారు. 2016-17 నుంచి రాష్ట్ర ప్రభుత్వమే చెరువుల్లోకి ఉచితంగా చేపపిల్లలను వదులుతోంది. ఎత్తు నుంచి చూసి తప్పు అనేసే నీతి వీళ్లకు పనికిరాదు. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషంలోని ధర్మవ్యాధుడు ఇక్కడ దగ్గరివాడు. మిథిలలో మాంసం అమ్ముకునే అతని దగ్గరికి తపస్సు చేసిన బ్రాహ్మణుడు ధర్మం నేర్చుకోవడానికి వెళ్లవలసి వచ్చింది. నాగలి దున్నినా నేలలో ఎన్నో ప్రాణాలు పోతాయని, హింస లేని బతుకు ఎవరికీ లేదని అతను చెబుతాడు. అంతటితో ఊరుకోడు. తన వృత్తిలో తాను ఏం చేస్తాడో, ఏం చేయడో గీత గీసి చెబుతాడు. ఆ గీతే అతణ్ణి గురువును చేసింది.

చేపల సాగులో ఆ గీత గీయవలసిన చోటు చేప చావు. 2003లో ఎడిన్‌బరో దగ్గరి రోస్లిన్ సంస్థలో లిన్ స్నెడన్, ఆమె సహచరులు ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి చూశారు. చేపలు మేత మానేశాయి, కొన్ని పెదవులను అడుగునున్న రాళ్లకేసి రుద్దుకున్నాయి. మార్ఫిన్ ఇస్తే ఆ బాధ తగ్గింది. చేపకు నొప్పి మనలాగే తెలుస్తుందా అన్న వాదం శాస్త్రవేత్తల్లో పూర్తిగా ఆగలేదు గానీ, నొప్పి లేనట్టు ప్రవర్తించే హక్కు మాత్రం మనకు తగ్గింది. మన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో జంతువు అంటే మనిషి కాని ఏ జీవి అయినా. చేప అందులో ఉంది.

వల లాగిన రోజు బొచ్చె, రోహు ప్లాస్టిక్ ట్రేలలో ఊపిరాడక కొట్టుకుంటాయి. తరువాత మంచు ముక్కల మధ్య పెట్టెల్లో సర్దుకుని లారీ ఎక్కుతాయి. ఊపిరాడక చావడం, మంచులో చావడం చేప సంక్షేమాన్ని దెబ్బతీసే పద్ధతులని పారిస్‌లోని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ తన నియమావళిలో రాసింది. కొర్రమీను గాలి పీల్చగలదు, నీళ్లు లేకపోయినా చాలాసేపు చావదు. అందుకే మార్కెట్లో దాని తల మీద ఒక్క దెబ్బ వేసి చంపుతారు. చూడటానికి మోటుగా ఉండే ఆ దెబ్బ, సరిగ్గా పడితే, మంచు పెట్టె కంటే దయగలది. బొచ్చెకు ఆ పాటి దయ కూడా దక్కడం లేదు.

మూలికల్లో తూకం పెంచనిది ఒకటుంది, లవంగ నూనె. అందులోని యూజినాల్ చేపను మత్తులోకి తీసుకెళ్తుంది. పిల్లలను రవాణా చేసేటప్పుడు, గుడ్లు తీసేటప్పుడు చేపల బెదురు తగ్గించడానికి హేచరీల్లో వాడతారు. దాని దగ్గరి బంధువైన ఐసోయూజినాల్‌తో చేసిన మందును న్యూజిలాండ్‌లో తినే చేపలకు సైతం, పట్టే ముందు వాడనిస్తారు. కొన్ని దేశాలు అవశేషాల భయంతో ఒప్పుకోవు. మన దగ్గర తినే చేపకు వాడాలంటే మోతాదు, రుచి, అవశేషం అన్నీ పరీక్షించాలి. అంత ఖర్చు పెట్టలేని చోట తల మీద దెబ్బ ఉంది, చిన్న విడతలుగా వల లాగి ట్రేలో గుట్ట పోయకపోవడం ఉంది. వీటిలో కొన్ని మాంసం నాణ్యతకూ మేలు చేయవచ్చు. చేయకపోయినా చేయవలసినవే.

ఖమ్మం జిల్లాలో ఈ పని మొదలుపెట్టగల చోటు ఉంది. పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం ఉంది, వైరాలో చేపపిల్లల కేంద్రం ఉంది. మేతలో కలిపే మూలికల మీద పరీక్షలు జరిగిన ప్రతిసారీ బరువు ఎంత పెరిగింది, మేత ఎంత ఖర్చయింది, ఎన్ని బతికాయి అని మూడు వరుసలు రాస్తారు. తెల్లవారుజామున ప్రాణవాయువు ఎంత, చదరపు మీటరుకు ఎన్ని చేపలు, వల లాగాక మొప్పల కదలిక ఆగడానికి ఎన్ని నిమిషాలు పట్టింది అన్న మరో మూడు వరుసలు ఆ పట్టికలో చేర్చాలి. ‘హెర్బల్’ సీసా అమ్మేవాళ్లను కూడా అవే అడగాలి. బోనకల్ వైపు రైతు ఇప్ప చెక్క మోతాదు హెక్టారుకు ఇన్ని కిలోలని లెక్క చూసి చల్లుతున్నాడు. చంపే మందుకు అంత కచ్చితమైన కొలత కుదిరినప్పుడు, చావు ఎంతసేపు పట్టిందో కొలవడం కుదరదనే సాకు చెల్లదు.